తడిసిన తరువాతే తెలిసేది బట్ట గుణం

ప్రశ్న: నేను 39 ఏళ్ళ మహిళను. ఈ మధ్యే నా మొదటి స్ప్రింట్ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే పోటీలో చిన్న దూరం) పూర్తి చేశాను. ఈత దుస్తుల మీదే సైకిల్ తొక్కడానికి వాడే దళసరి ప్యాడ్ ఉన్న షార్ట్స్, పైన నూలు టీషర్టు వేసుకున్నాను. పరుగు ముగిసేసరికి తొడల లోపలి వైపు, చంకల కింద చర్మం ఒరుసుకుపోయి రక్తం వచ్చింది. వారం రోజులు మామూలుగా నడవలేకపోయాను. ఐదు నెలల తరువాత జరిగే స్టాండర్డ్ దూరం పోటీకి పేరు ఇచ్చాను. మూడింటికీ మార్చకుండా వేసుకునే ట్రైసూట్ ఒకే ముక్కగా ఉన్నది కొనాలా, రెండు ముక్కలదా? ఈతకు దానిపైన వేసుకునే రబ్బరు వెట్‌సూట్ తప్పనిసరా? శిక్షణకు, పోటీకి వేరువేరు దుస్తులు ఉండాలా? ఒంటికి అంటుకుపోయే దుస్తులలో నలుగురి ముందు నిలబడాలంటే బిడియంగా కూడా ఉంది. దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: నమస్కారం. వారం రోజులు నడవలేకపోయానని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. అంత బాధ పడి కూడా మళ్ళీ పోటీకి పేరు ఇచ్చారంటే ఈ ఆట మీద మీకు ఎంత ఇష్టం ఏర్పడిందో అర్థమవుతోంది. అయితే ఈసారి దూరం సరిగ్గా రెట్టింపు. స్ప్రింట్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉంటే, స్టాండర్డ్ దూరంలో 1,500 మీటర్లు, 40 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు ఉంటాయి. బట్ట చర్మాన్ని ఒరిసే సమయం కూడా అంతకు అంతా పెరుగుతుంది. కనుక ఏది కొనాలన్న ప్రశ్న కంటే ముందు, పోయినసారి మీ చర్మం ఎందుకు దెబ్బతిన్నదో చూడటం అవసరం.

మనం బట్టలను ఎప్పుడూ పొడిగా ఉన్నప్పుడే ఎంచుకుంటాం. దుకాణంలో అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ పక్కకు వేలాడేసి, బాగుందో లేదో చూసుకుంటాం. కానీ ట్రయథ్లాన్‌లో ఏ బట్టా పొడిగా ఉండదు, ఒళ్ళు నిటారుగా కూడా ఉండదు. నీటిలోంచి తడిసి బయటికి వస్తారు, ముందుకు వంగి గంటన్నర సైకిల్ తొక్కుతారు, ఆ తరువాత అదే తడి మీద చెమట, చెమటలోని ఉప్పు చేరగా పరుగెత్తుతారు. పొడి చర్మం మీద జారిపోయే కుట్టు, తడికి మెత్తబడిన చర్మాన్ని పట్టుకుని గీరుతుంది. పైగా నీళ్ళు ఆరిపోయిన చోట ఉప్పు సన్నని గరుకుగా మిగులుతుంది. మీరు వేసుకున్న నూలు టీషర్టు ఈ పరిస్థితికి పనికిరాని బట్ట. నూలు పోగు మామూలు గాలిలోని తేమనే తన బరువులో దాదాపు 8 శాతం దాకా పట్టి ఉంచుకుంటుంది. నైలాన్ విషయంలో అది సుమారు 4 శాతం, పాలియెస్టర్ విషయంలో అర శాతం కూడా ఉండదు. ఇక నీటిలో నానిన నూలు బట్ట బరువెక్కి, కిందికి సాగి, చంకల దగ్గర మడతలు పడి, ఎంతసేపటికీ ఆరదు. మీ చంకల కింద చర్మం ఒరుసుకుపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

తొడల సంగతి వేరు. అక్కడ రెండు పొరపాట్లు కలిశాయని నేను అనుకుంటున్నాను. మొదటిది, సైకిల్ షార్ట్స్‌లోని దళసరి ప్యాడ్. అది గంటల తరబడి సీటు మీద కూర్చునేవారి కోసం చేసినది. పొడిగా ఉన్నంతసేపూ ఎంతో సుఖం. అదే ప్యాడ్ తడిస్తే స్పాంజిలా నీళ్ళు పట్టి, పరుగులో ప్రతి అడుగుకూ తొడల మధ్య అటూ ఇటూ కదులుతుంది. రెండవది, లోపల ఈత దుస్తులు ఉండటం. ప్యాడ్ ఉన్న షార్ట్స్‌ను నేరుగా చర్మం మీదే వేసుకోవాలి. కింద మరొక పొర ఉంటే దాని అంచు, కుట్టు, ప్యాడ్ అంచు కలిసి ఒకే చోట నొక్కుతాయి. గజ్జల దగ్గర ఈత దుస్తుల ఎలాస్టిక్ అంచు ఎక్కడ పడిందో, గాయం కూడా అదే గీత వెంట ఉన్నదేమో ఒకసారి గుర్తు చేసుకోండి.

ట్రైసూట్ పుట్టిందే ఈ చిక్కు తీర్చడానికి. ఈత మొదలుకొని పరుగు ముగింపు దాకా మార్చకుండా వేసుకునే దుస్తులు అవి. నైలాన్ లేదా పాలియెస్టర్‌తో, సాగే గుణం కోసం ఎలాస్టేన్ కలిపి నేస్తారు. మనం లైక్రా అనేది ఈ ఎలాస్టేన్‌నే. ఇందులోనూ ప్యాడ్ ఉంటుంది కానీ పలుచగా, చిన్నగా ఉంటుంది. నీళ్ళు పట్టుకోదు, పరుగులో అడ్డం రాదు. సీటు మీద సైకిల్ షార్ట్స్ ఇచ్చినంత మెత్తదనం మాత్రం ఇవ్వదు. 40 కిలోమీటర్లకు అది చాలు. మీకు చాలకపోతే, ప్యాడ్‌ను తప్పుపట్టే ముందు సీటు వెడల్పు, ఎత్తు సరిచూసుకోమని నా సలహా. సీటు కుదరనప్పుడు ప్యాడ్ ఎంత దళసరిగా ఉన్నా నొప్పి పోదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఒకే ముక్కగా ఉన్న సూట్‌లో నడుము దగ్గర అంచు ఉండదు కనుక కడుపు మీద ఒత్తిడి ఉండదు, పైబట్ట ఎగబాకి నడుము బయటపడదు, ఈతలో నీళ్ళు లోపల అంతగా నిండవు, సైకిల్ మీద గాలికి బట్ట కొట్టుకోదు. రెండు ముక్కలదానితో ఉన్న పెద్ద సౌకర్యం మరుగుదొడ్డి. తడిసి ఒంటికి అంటుకున్న సూట్‌ను భుజాల మీంచి దింపి మళ్ళీ ఎక్కించుకోవడం ఎంత కష్టమో, అదీ సమయం పరుగెడుతున్నప్పుడు, ఒక్కసారి అనుభవిస్తే తెలుస్తుంది. ఆడవారికి ఇది చిన్న విషయం కాదు. నెలసరి రోజుల్లో పోటీ పడితే మరీ కాదు. రెండు ముక్కలదానితో ఇంకొక లాభం కూడా ఉంది: ఛాతీ కొలత ఒక సైజుకు, నడుము కింది కొలత మరొక సైజుకు వచ్చేవారు పైది ఒకటి, కిందిది ఒకటి విడివిడిగా ఎంచుకోవచ్చు. స్టాండర్డ్ దూరం మీరు మూడు గంటల అటూ ఇటూగా ముగిస్తారనుకుంటే, మధ్యలో మరుగుదొడ్డి అవసరం రాకపోవచ్చు కనుక నా మొగ్గు ఒకే ముక్క సూట్ వైపే. కానీ మీ మొండెం పొడవుకు సరిపోయే సూట్ దొరకకపోతే మాత్రం వెనుకాడకుండా రెండు ముక్కలది తీసుకోండి.

మొండెం పొడవు అన్నాను కదా, అక్కడ కాస్త ఆగి చెప్పాలి. సైజు పట్టికలలో ఛాతీ, నడుము, పిరుదుల కొలతలు ఉంటాయి, ఎత్తు ఉంటుంది. కానీ ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడుగు, మరొకరికి మొండెం పొడుగు కావచ్చు. భుజం మీంచి గజ్జల కిందుగా తిరిగి వెనుక నుంచి అదే భుజానికి చేరే కొలతే ఒకే ముక్క సూట్‌కు అసలైన కొలత. అది చాలకపోతే సూట్ భుజాలను కిందికి లాగుతుంది, గజ్జలను పైకి కోస్తుంది. ఈతలో చేయి ఎత్తిన ప్రతిసారీ ఆ లాగుడు తెలుస్తుంది, మొదటి 500 మీటర్లకే భుజాలు అలసిపోతాయి. కనుక సూట్ వేసుకోగానే అద్దంలో చూసుకోకండి. జిప్ పూర్తిగా మూసి, ఈతలో చాచినట్టు ఒక చేయి తరువాత ఒకటి తలపైకి చాచి చూడండి. తరువాత కుర్చీ అంచున కూర్చుని సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగండి. నిలబడినప్పుడు భుజాల దగ్గర కాస్త బిగుతుగా తోచిన సూట్ వంగగానే సరిపోతే అది మంచి సూట్. నిలబడినప్పుడు చక్కగా ఉండి, వంగగానే కడుపు మీద మడతలు పడితే అది వదులు. తడిస్తే ఈ బట్ట ఇంకొంచెం సాగుతుంది కనుక, పొడిగా ఉన్నప్పుడే వదులుగా ఉన్నదాన్ని తీసుకోకూడదు.

ఇప్పుడు సూట్ విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి చూడండి. చాలామంది చేయని పని ఇదే. బట్ట బయటి రంగు, నమూనా మీ చర్మానికి తగలవు, లోపలి కుట్లే తగులుతాయి. కుట్టు మీద బొటనవేలి గోరు వెనుక భాగంతో అడ్డంగా రాయండి. రెండు బట్టల అంచులను పక్కపక్కన చేర్చి పరిచినట్టుగా కుట్టిన బల్లపరుపు కుట్టు వేలికి దాదాపు తెలియదు. అంచులు మడిచి లేపి కుట్టినది గట్టులా తగులుతుంది. చంక కింద, తొడ లోపలి వైపు, ప్యాడ్ చుట్టూ ఈ గట్టు ఉండకూడదు. మెడ వెనుక సైజు చీటీ కుట్టి ఉంటే దాన్ని కత్తిరించడం కూడా ప్రమాదమే, ఎందుకంటే మిగిలిన మొదలు చీటీ కంటే గట్టిగా గుచ్చుకుంటుంది. కుట్టు విప్పి పూర్తిగా తీసేయాలి, లేదా చీటీకి బదులు లోపల అచ్చు వేసిన సూట్‌నే ఎంచుకోవాలి. జిప్ పైకొస వెనుక గొంతుకు తగలకుండా చిన్న బట్ట మడత ఉన్నదో లేదో కూడా చూడండి.

మీ తొడల గాయం దృష్ట్యా నేను అన్నిటి కంటే ముఖ్యంగా చూడమనేది కాళ్ళ అంచు ఎక్కడ ఆగుతుందన్నది. మామూలుగా నిలబడి, మీ తొడలు రెండూ ఒకదానికొకటి తగిలే చోటు ఎక్కడిదాకా ఉందో వేలితో గుర్తు పెట్టుకోండి. సూట్ అంచు అక్కడికి కనీసం నాలుగు వేళ్ళ కిందికి రావాలి. అంచు సరిగ్గా తొడలు తగిలే చోట ఆగిందంటే, అందంగా ఉన్నా, తేలికగా ఉన్నా ఆ సూట్ మీకు పనికిరాదు. అంచు లోపల పట్టు కోసం రబ్బరులాంటి పట్టీ ఉంటుంది. అది పైకి ఎగబాకకుండా పట్టి ఉంచేంత బిగువుగా ఉండాలి, కానీ తొడ మీద కండ ఉబ్బేలా కోయకూడదు. పది నిమిషాలు అక్కడే జాగింగ్ చేసినట్టు గంతులు వేసి, అంచు ఎంత పైకి జరిగిందో చూడండి. పొడిగా ఉన్నప్పుడే రెండు వేళ్ళు జరిగిన అంచు పరుగులో ఇంకెక్కడికి పోతుందో ఊహించవచ్చు.

ఛాతీ ఆధారం గురించి మీరు అడగలేదు, కానీ చెప్పక తప్పదు. సూట్‌లోనే కుట్టి ఇచ్చే బ్రా చాలామందికి ఈతకు, సైకిల్‌కు సరిపోతుంది, 10 కిలోమీటర్ల పరుగుకు సరిపోదు. విడిగా స్పోర్ట్స్ బ్రా వేసుకునేటట్లయితే దానిలో దళసరి స్పాంజి కప్పులు ఉండకూడదు. అవి నీళ్ళు పట్టి, మీరు సైకిల్ తొక్కుతున్నంతసేపూ కడుపు మీదికి కారుస్తూ ఉంటాయి. వెనుక లోహపు కొక్కేలు ఉన్నవి కూడా వద్దు, పైన సూట్, ఆపైన వెట్‌సూట్ నొక్కితే అవి వీపులోకి దిగుతాయి. రొమ్ముల కింద పట్టీయే ఎక్కువగా ఒరుసుకునే చోటు. అది బిగువుగా ఉండి కదలకుండా ఉంటే ఒరిపిడి తక్కువ, వదులుగా ఉండి కిందికీ మీదికీ జరిగితేనే గాయం. సూట్ పరీక్షించేటప్పుడు పోటీలో వేసుకోబోయే బ్రాతోనే పరీక్షించండి.

దుకాణంలో చూసింది సగమే. మిగతా సగం ఇంట్లో, నీళ్ళతో. సూట్ వేసుకుని స్నానాల గదిలో బాగా తడవండి, తుడుచుకోకుండా సైకిల్ ఎక్కి నలభై నిమిషాలు తొక్కండి, దిగి వెంటనే ఇరవై నిమిషాలు పరుగెత్తండి. తరువాత సూట్ విప్పి చర్మాన్ని జాగ్రత్తగా చూసుకోండి. ఎర్రబడిన ప్రతి గీతా మీకు ఒక సమాచారం. మెడ వెనుకా, చంక కిందా, గజ్జల్లోనా, తొడల మీదా? ఈ కొద్దిసేపట్లో ఎర్రబడిన చోటే మూడు గంటల పోటీలో పుండు పడుతుంది. తడిపిన సూట్‌ను దుకాణంవారు వెనక్కి తీసుకోకపోవచ్చు కనుక కొనేముందే వారి నియమం అడిగి తెలుసుకోండి. అయినా, పోటీ రోజున చర్మం కోల్పోవడం కంటే ఆ నష్టమే నయమని నా అభిప్రాయం. ప్రస్తుతం ఉన్న గాయాలు పూర్తిగా మాని, కొత్త చర్మం గట్టిపడేదాకా మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకండి. వాపు, చీము కనిపిస్తే ముందు వైద్యుని చూడాలి.

ఎంత మంచి సూట్ అయినా ఒరిపిడిని తగ్గిస్తుందే కానీ పూర్తిగా తీసేయదు, ఆ పని లేపనం చేయాలి. ఒరిపిడి తగ్గించే మైనంలాంటి కడ్డీలు దొరుకుతాయి. పలుచని క్రీముల కంటే అవి నీటిలో ఎక్కువసేపు నిలుస్తాయి. మెడ వెనుక, ఊపిరి తీసుకోవడానికి తల తిప్పే వైపు మెడ పక్కన, చంకల కింద, బ్రా పట్టీ వెంట, గజ్జల్లో, తొడల లోపల, సమయం నమోదు చేసే చిప్ పట్టీ కట్టే చీలమండ చుట్టూ పూయండి. వెట్‌సూట్ వేసుకునేటట్లయితే పెట్రోలియం జెల్లీ వాడకండి, అది రబ్బరును పాడుచేస్తుందని తయారీదారులు హెచ్చరిస్తారు. లేపనం పూసిన వేళ్ళతో ఈత కళ్ళద్దాలను తాకితే అద్దం మీద జిడ్డు పొర ఏర్పడి, పోటీ అంతా మసకగా కనిపిస్తుంది కనుక ముందు చేతులు తుడుచుకోవాలి. చేతుల మీద, పిక్కల మీద పోటీ నంబరు రాసే పద్ధతి ఉన్నచోట ఆ రాత పూర్తయ్యాకే ఎండ నుంచి కాపాడే క్రీము పూసుకోండి. ముందే పూస్తే సిరా నిలవదు.

వెట్‌సూట్ తప్పనిసరా అని అడిగారు. దానికి జవాబు నీటి వేడిమిలో ఉంది. ఈ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ ట్రయథ్లాన్ నిబంధనల ప్రకారం, వయసుల వారీ విభాగాలలో 1,500 మీటర్ల వరకు ఉండే ఈతకు నీటి ఉష్ణోగ్రత 22 డిగ్రీల సెల్సియస్ దాటితే వెట్‌సూట్ నిషిద్ధం. నీరు 16 డిగ్రీల కంటే తక్కువైతే తప్పనిసరి. ఆ మధ్యలో మీ ఇష్టం. ఐరన్‌మ్యాన్ అనే పేరుతో జరిగే సుదూర ట్రయథ్లాన్ పోటీలలో వయసుల వారీ విభాగాలవారికి ఆ పై హద్దు 24.5 డిగ్రీలు. రెండు చోట్లా వెట్‌సూట్ మందం 5 మిల్లీమీటర్లు మించకూడదు. మీ పోటీ ఎవరి నిబంధనల కింద జరుగుతుందో, గత ఏడాది అదే సమయంలో నీరు ఎంత వేడిగా ఉన్నదో నిర్వాహకులను ముందే అడగండి. నీరు వెచ్చగా ఉండే చోట పోటీ అయితే వెట్‌సూట్ కొనడం వృథా. సందేహం ఉంటే అద్దెకు తీసుకోండి, కానీ పోటీకి ముందు కనీసం రెండుసార్లు దానితో ఈదే వీలు ఉండేలా తీసుకోండి.

వెట్‌సూట్ వెచ్చదనం కోసమే కాదు. అందులోని రబ్బరులో ఉండే సన్నని వాయు బుడగలు తుంటినీ కాళ్ళనూ పైకి తేలుస్తాయి, దానివల్ల నీటి నిరోధం తగ్గుతుంది. కాళ్ళు మునిగిపోయే అలవాటు ఉన్న ఈతగాళ్ళకు ఈ మేలు మరింత ఎక్కువ. ఈ ఆటకే ప్రత్యేకంగా వెట్‌సూట్‌ను 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ తన క్వింటానా రూ సంస్థ ద్వారా తెచ్చారు. అంతకుముందు ఇతర నీటి ఆటల కోసం చేసినవాటినే వాడుకునేవారు, వాటితో చేయి తిప్పి ఈదడం కష్టం. ఇప్పటి ట్రయథ్లాన్ వెట్‌సూట్‌లలో భుజాల దగ్గర రబ్బరును పలుచగా ఉంచేది అందుకే. కొలత విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి: వెట్‌సూట్‌ను కాళ్ళ దగ్గర నుంచి కొద్దికొద్దిగా పైకి లాక్కుంటూ రావాలి. గజ్జల దగ్గర ఖాళీ మిగిల్చి భుజాల దగ్గర లాగితే ఊపిరి ఆడనట్టు ఉంటుంది. చాలామంది సూట్ చిన్నదైందని అనుకుంటారు కానీ నిజానికి దాన్ని సరిగ్గా ఎక్కించలేదు. గోళ్ళతో పట్టుకుంటే రబ్బరు చిరుగుతుంది, వేళ్ళ కొసల మెత్తని భాగంతోనే లాగాలి.

మెడ దగ్గర నా అనుభవం ఒకటి చెప్పాలి. నా మొదటి హాఫ్ దూరం (ఐరన్‌మ్యాన్ దూరంలో సగం) పోటీలో, మొదలయ్యే తొందరలో, వెనుక జిప్ మూశాక మెడ పట్టీని కొంచెం పక్కకు అతికించాను. అతుకుడు పట్టీ గరుకు అంచు అర అంగుళం బయటికి వచ్చి చర్మానికి తగులుతూ ఉన్నట్టు 300 మీటర్లకే తెలిసింది, కానీ నీళ్ళలో దాన్ని సరిచేసుకోలేకపోయాను. 1.9 కిలోమీటర్ల ఈతలో ఊపిరికి తల తిప్పిన ప్రతిసారీ అది అదే చోట గీసింది. ఆ తరువాత సైకిల్ మీద మెడ ఎత్తి ముందుకు చూసినంతసేపూ చెమట అందులోకే దిగింది. పది రోజులు కాలరున్న చొక్కా వేసుకోలేకపోయాను. అప్పటినుంచి నీళ్ళలోకి దిగేముందు పక్కనున్నవారిని అడిగి మెడ పట్టీ సరిగ్గా పడిందో లేదో చూపించుకోవడం అలవాటు చేసుకున్నాను. మీరూ అడగండి, ఎవరూ కాదనరు.

శిక్షణకు, పోటీకి వేరువేరు దుస్తులు కావాలి, అది ఆడంబరం కాదు. ఈత కొలనులోని క్లోరిన్ ఎలాస్టేన్‌ను తినేస్తుంది. వారానికి మూడుసార్లు కొలనులో వాడిన ట్రైసూట్ కొన్ని నెలలకే సాగుడు పోయి, పిరుదుల దగ్గర పలుచబడి, అవతలి వైపు కనిపించేలా తయారవుతుంది. కనుక కొలనుకు పాలియెస్టర్ ఎక్కువగా ఉన్న మామూలు ఈత దుస్తులు ఉంచుకోండి. రెండు మూడు గంటల సైకిల్ శిక్షణకు మీ దగ్గరున్న దళసరి ప్యాడ్ షార్ట్స్ చక్కగా పనికొస్తాయి, వాటిని పారేయకండి. మీరు వాటిని పొడిగా వాడవలసిన చోట కాకుండా తడిలో వాడారు, అంతే. అలాంటివి రెండు ఉంటే ఒకటి ఉతికి ఆరేలోపు మరొకటి వాడుకోవచ్చు. సైకిల్ దిగాక తడి షార్ట్స్‌తోనే కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, పనులు చూసుకోవడం వద్దు. సీటు తగిలే చోట వచ్చే కురుపులకు ఒరిపిడితో పాటు ఆ తడి, వేడి, సూక్ష్మజీవులు కూడా కారణం. తెల్లవారకముందో చీకటి పడ్డాకో రోడ్డు మీద శిక్షణ చేసేటట్లయితే, వాహనాల వెలుతురు పడగానే మెరిసే పట్టీలు ముఖ్యంగా చీలమండల దగ్గర ఉండాలి. కదిలే కాళ్ళను దూరం నుంచే గుర్తుపడతారు. నియాన్ రంగులు పగటివేళ కనిపించినట్టు రాత్రివేళ కనిపించవు.

పోటీ సూట్‌ను మాత్రం పూర్తిగా పక్కన దాచిపెట్టకూడదు. సైకిల్ తొక్కి వెంటనే పరుగెత్తే శిక్షణ రోజుల్లో, రెండు వారాలకు ఒకసారైనా దాన్ని వేసుకోండి. మీకు ఐదు నెలలు ఉన్నాయి కనుక మొదటి నెలలోనే సూట్ ఎంచుకుంటే, అది సరిపడకపోయినా మార్చుకునే వ్యవధి ఉంటుంది. పోటీకి ముందు మూడుసార్లయినా నిజమైన నీటిలో ఈది, అదే తడితో సైకిల్ ఎక్కి, అదే సూట్‌తో పరుగెత్తి ఉండాలి. అప్పటికి ఏ చోట లేపనం రెండోసారి పూయాలో, జిప్ ఎంతవరకు దింపితే హాయిగా ఉంటుందో మీకే తెలిసిపోతుంది. సూట్ విప్పగానే చల్లని మంచినీటిలో ముంచి తీసి, లోపలి వైపు బయటికి తిప్పి నీడన ఆరవేయండి. బట్టలు మెత్తబడటానికి వాడే ద్రవాలు వేయకండి. అవి పోగుల మీద పొరగా పట్టి, చెమటను బయటికి పంపే గుణాన్ని చంపేస్తాయి. వేడిగాలితో ఆరబెట్టే యంత్రం ఎలాస్టేన్‌కు క్లోరిన్ అంతటి శత్రువు.

రంగు గురించి కొద్దిగా. ఎండ తీవ్రంగా ఉండే చోట లేత రంగు, పొట్టి చేతులు ఉన్న సూట్ మంచిది. చేతులు కప్పి ఉంటే భుజాలు కాలవు, ఆ బట్ట మీద నీళ్ళు పోసుకుంటే ఆరే కొద్దీ చల్లదనం ఇస్తుంది. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న బట్ట అతినీలలోహిత కిరణాలలో యాభయ్యో వంతు మాత్రమే లోపలికి పోనిస్తుంది. అయితే తెల్లని బట్ట తడిస్తే లోపలిది కనిపించవచ్చు కనుక ఇంట్లో తడిపి చూసేటప్పుడే అద్దం ముందు, వెలుతురులో ఇది కూడా చూసుకోండి. చేతులున్న సూట్ ఈతలో భుజాన్ని పట్టేయకూడదు. వెట్‌సూట్ లేని ఈతలో చేతులు ఎంతవరకు కప్పి ఉండవచ్చన్న దానిపై నిబంధనలు ఉంటాయి, అవి నిర్వాహకులిచ్చే పుస్తకంలో చదవండి. చలి ఎక్కువగా ఉంటే ఈత తరువాత సైకిల్ మీదే వణుకు పుడుతుంది. తడి చేతులకు బిగుతైన చేతి తొడుగులు ఎక్కవు కనుక, ముందు జిప్ ఉన్న పలుచని గాలి చొరని కోటు ఒకటి సైకిల్ పక్కన పెట్టుకోవడం సులువు. గాలిని చీల్చేందుకని గీతలు, గరుకు నేసిన ఖరీదైన బట్టల జోలికి ఇప్పుడే పోనవసరం లేదు. మడతలు లేకుండా ఒంటికి కుదిరిన మామూలు సూట్ చాలు.

పాదాల విషయంలో, స్ప్రింట్‌లో సాక్స్ లేకుండా గడిచిపోవచ్చు కానీ 10 కిలోమీటర్లకు వేసుకోండి. నూలువి కాకుండా కుట్టు తెలియని సింథటిక్ సాక్స్‌ను మడమ దాకా చుట్టి ఉంచితే తడి పాదానికి సులువుగా ఎక్కుతాయి. నంబరు కాగితాన్ని పిన్నులతో సూట్‌కు గుచ్చి బట్ట చింపుకోకుండా నంబరు బెల్టు వాడండి. సైకిల్ మీద వీపు వైపు, పరుగులో కడుపు వైపు తిప్పుకుంటే సరిపోతుంది.

చివరగా మీ బిడియం. దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను అనను. 39 ఏళ్ళ వయసులో, అలవాటు లేని దుస్తులలో, తడి ఒంటితో జనం మధ్య నడవడం చాలామందికి ఈత కంటే కష్టమైన భాగం. దానికి ఏర్పాటు చేసుకోవచ్చు. ముదురు రంగు, మోకాలికి కొంచెం పైదాకా వచ్చే కాళ్ళు, పొట్టి చేతులు ఉన్న సూట్ ఎంచుకుంటే ఒళ్ళు దాదాపు కప్పి ఉంటుంది. సైకిల్ మీద, పరుగులో మొండెం కప్పి ఉండాలని నిబంధనలే చెబుతాయి, ఒంటి మీద బట్టలు పూర్తిగా తీసి మార్చుకోవడానికి ట్రాన్సిషన్‌లో, అంటే ఒక భాగం ముగించి తరువాతి భాగానికి సిద్ధమయ్యే చోట, అనుమతి ఉండదు. కనుక అక్కడ ఎవరి దృష్టికీ మీరు కొత్తగా కనిపించరు. పరుగుకు ముందు సూట్ మీద వదులైన, పలుచని పరుగు షార్ట్స్ వేసుకోవడాన్ని ఎవరూ అడ్డుకోరు, దానికి పట్టేది అర నిమిషం. అలాంటి నల్ల షార్ట్స్ ఒకటి మడిచి బూట్ల పక్కన పెట్టుకోండి. శిక్షణలో మూడుసార్లు తడి సూట్‌తో పరుగెత్తిన తరువాత అది కావాలనిపిస్తే వేసుకోండి, లేదంటే అక్కడే వదిలి పరుగెత్తండి.